కొండదారి బండికి కొత్త ఇరుసు

పిల్లలూ! ఈ రోజుల్లో ఎడ్లబండ్లు తగ్గిపోయినాయి గాని, మీలో కొందరైనా వాటిని చూసే ఉంటారు. తాతగారి ఊళ్ళో ఎక్కి కూడా ఉంటారు. బండి చక్రం ఒక రాయి ఎక్కిందంటే చాలు, లోపల కూర్చున్నవాడు గుమ్మడికాయలాగా ఒక పక్కకు దొర్లిపోతాడు. ఇందుకు కారణం ఏమిటి? బండి చట్రం తిన్నగా ఇరుసు మీదనే కూర్చుని ఉన్నది. ఇరుసుకు తగిలిన దెబ్బ మధ్యలో ఎక్కడా ఆగకుండా మన నడుముకు వచ్చి తగులుతుంది.

పూర్వం పట్నాల్లో తిరిగిన జట్కాబండిలో ఈ బాధ కొంత తక్కువ. దానికి ఇరుసుకూ, పెట్టెకూ మధ్య ఇనుప కమాన్లు ఉండేవి. దెబ్బలో కొంత భాగాన్ని కమాను వంగి తాను తీసుకునేది. మోటారు బండ్లు వచ్చిన కొత్తలో వాటిని తయారుచేసినవారు ఈ కమాన్లనే తీసుకుని మోటార్లకు బిగించారు.

రోడ్డు లేని చోట, రాళ్ళలోనూ, ఇసుకలోనూ, వాగుల్లోనూ నడవడానికి చేసిన జీపు వంటి బండ్ల ముందు ఇరుసు ఎటువంటిదో, దాన్ని మార్చి మెరుగు చెయ్యాలంటే ఏమేమి చూసుకోవాలో ఇప్పుడు తెలుసుకుందాం. మీ అన్నయ్యో, బాబాయో "మన జీపును ఎత్తు పెంచుదాం" అని ఉబలాటపడుతూ ఉంటే, ఈ సంగతులు వారికి కూడా చదివి వినిపించండి.

కమాను పట్టీ – ఒక పనివాడు, మూడు పనులు

కమాను అంటే ఒకే ఇనుప ముక్క కాదు. ఒకదానికంటె ఒకటి పొట్టిగా ఉండే ఉక్కు పట్టీలను దొంతరగా పేర్చి కట్టిన కట్ట అది. ఒకే లావుపాటి పట్టీ ఎందుకు పెట్టలేదు? ఒక చిన్న పరీక్ష చేసి చూడండి.

రెండు ప్లాస్టిక్ స్కేళ్ళు తీసుకోండి. ముందు ఒకదాన్ని బల్ల అంచున పెట్టి, చివర వేలితో నొక్కండి. తరవాత రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి నొక్కండి. రెండు రెట్ల బలం పడుతుంది. అదే రెండు స్కేళ్ళ మందం గల ఒకే స్కేలు ఉంటే, అది వంగడానికి రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్ల బలం కావాలి. అంత మొండిగా ఉంటే అది కమానుగా పనికిరాదు. అందుచేతనే పలచని పట్టీలను పేర్చుతారు. బరువు మొయ్యడానికి బలమూ ఉంటుంది, వంగడానికి వీలూ ఉంటుంది.

రెండు స్కేళ్ళు వంగేటప్పుడు అవి ఒకదానిమీద ఒకటి జారటం గమనించారా? కమాను పట్టీలూ అలాగే జారుతాయి. ఆ రాపిడి వల్ల ఊపు కొంత తగ్గుతుంది.

కనుక కమాను మూడు పనులు చేస్తున్నది. ఒకటి, బండి బరువును మొయ్యటం. రెండు, ఇరుసు ముందుకూ, వెనక్కూ, పక్కకూ పోకుండా దాన్ని తన చోట పట్టి ఉంచటం. మూడు, తన రాపిడితో ఊపును కొంత అణచటం. ఇది బాగా గుర్తుంచుకోండి. మనకు ముందు ముందు పనికి వస్తుంది.

ఒక బండి కథ

1941 నుంచి అమెరికాలో తయారైన విల్లీస్ జీపుకు ముందూ వెనకా కమాను పట్టీలే ఉండేవి. యుద్ధం ముగిసినాక, ఇంగ్లాండులో రోవర్ కంపెనీ ఇంజనీరు మారిస్ విల్క్స్ తన పొలంలో ఇటువంటి జీపునే వాడుకునేవాడు. పొలంపనికి పనికివచ్చే ఇటువంటి బండిని మనమే ఎందుకు చెయ్యరాదు అని ఆయనకు తోచింది. ఆ విధంగా 1948లో లాండ్ రోవర్ పుట్టింది. దానికీ కమాను పట్టీలే.

ఆ బండి ఎంత గట్టిదో, దాని నడక అంత మొరటు. 1970లో ఆ కంపెనీవారే రేంజ్ రోవర్ అనే కొత్త బండిని తెచ్చారు. దానికి ముందు వెనకల రెండు ఇరుసులూ నిండు ఇరుసులే. అనగా ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలిపే ఒకే దూలం వంటివి. కాని కమానుల స్థానంలో చుట్ట స్ప్రింగులు వచ్చినవి. గతుకుల్లో చక్రం చాలా దూరం కిందికీ మీదికీ ఆడేది. లోపలివారికి మాత్రం కుదుపు తక్కువ. ఆ ఏర్పాటు బాగా నచ్చి, 1983లో అసలు లాండ్ రోవర్‌కు కూడా చుట్ట స్ప్రింగులు పెట్టారు.

మన దేశంలోనూ ఇటువంటి మార్పే జరిగింది. మహీంద్రావారు 1947లో విల్లీస్ జీపులను ఇక్కడ కూర్చటం మొదలుపెట్టారు. 1985లో మారుతి జిప్సీ వచ్చింది. పోలీసులూ, అడవిశాఖవారూ, సైనికులూ దాన్ని ఎంతో వాడారు. 1993లో దాని ఇరుసులను సుమారు 9 సెంటీమీటర్లు వెడల్పు చేశారు. కాని కడదాకా దానికి కమాను పట్టీలే ఉన్నవి. దాని వంశంలోనిదే అయిన జిమ్నీ మన దేశంలో 2023లో వచ్చినప్పుడు మాత్రం, నిండు ఇరుసులతోపాటు చుట్ట స్ప్రింగులు కూడా వచ్చినవి.

నిండు ఇరుసును ఇంకా ఎందుకు ఉంచారని మీరు అడగవచ్చు. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కు ముందు చక్రాలు వేటికవే విడిగా ఆడతాయి. రోడ్డు మీద దీనివల్ల సుఖం ఎక్కువ. అయితే నిండు ఇరుసుకు ఒక సుగుణం ఉన్నది. ఒక చక్రం రాయి ఎక్కిందంటే, దానితోపాటు ఇరుసు నడుము కూడా పైకి లేస్తుంది. కింద ఉన్న రాయి దానికి తగిలే భయం తగ్గుతుంది. అందుకే కొండదారుల వారికి ఆ ఇరుసు మీద అంత మమకారం.

హుక్ గారి సూత్రం

చుట్ట స్ప్రింగు అంటే మీకు తెలుసు. నొక్కితే క్లిక్కుమనే పెన్నులోనూ ఉంటుంది. దాని స్వభావాన్ని రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1678లో లోకానికి వెల్లడించాడు. బరువు ఎంత రెట్టింపు అయితే స్ప్రింగు సాగటం గాని, అణగటం గాని అంత రెట్టింపు అవుతుంది. ఇంతే ఆ సూత్రం.

ఒక లెక్క చూడండి. ఒక స్ప్రింగు సెంటీమీటరు అణగడానికి 50 కిలోల బరువు కావాలనుకుందాం. ముందు చక్రం మీద పడే 400 కిలోల బరువును దానిమీద పెడితే 8 సెంటీమీటర్లు అణగుతుంది. ఇప్పుడు బండి ముందు భాగానికి బరువైన ఇనుప కమ్ములూ, లాగుడు యంత్రమూ తగిలించి ఒక్కొక్క పక్కన 50 కిలోలు పెంచామనుకోండి. బండి ముక్కు మరొక సెంటీమీటరు కిందికి వంగుతుంది.

"అయితే లావు స్ప్రింగు వేద్దాం" అంటారు కొందరు. ఇక్కడ తొందర పనికిరాదు. చుట్ట కొలతా, చుట్ల సంఖ్యా మార్చకుండా తీగ మందాన్ని మాత్రం రెట్టింపు చేస్తే, స్ప్రింగు బిరుసుతనం 16 రెట్లు అవుతుంది! తీగ కొంచెం లావైనా బండి మళ్ళీ ఎడ్లబండి అయిపోతుంది. చక్రం గుంటలోకి దిగవలసినప్పుడు దిగక, నేలను వదిలి గాలిలో తిరుగుతుంది. గాలిలో తిరిగే చక్రం బండిని లాగలేదు కదా!

పోయిన పనులు ఎవరు చెయ్యాలి?

ఇప్పుడు కమాను చేసే మూడు పనులను జ్ఞాపకం తెచ్చుకోండి. చుట్ట స్ప్రింగు వాటిలో ఒక్కటే చేస్తుంది, బరువు మోస్తుంది. ఇరుసును పట్టి ఉంచలేదు. పట్టీల మధ్య ఉండే రాపిడీ దానికి లేదు. కనుక మిగిలిన రెండు పనులకూ వేరే పనివాళ్ళను పెట్టాలి.

ఇరుసు ముందుకూ వెనక్కూ పోకుండా రెండు పక్కలా రెండు ఉక్కు చేతులు ఉంటాయి. ఇవి ఇరుసు నుంచి వెనక్కు వచ్చి బండి ఛాసీకి తగులుకుని ఉంటాయి. కొనలలో రబ్బరు బుష్షులు ఉంటాయి. పక్కకు పోకుండా అడ్డంగా మరొక కడ్డీ ఉంటుంది. దాని ఒక కొస ఇరుసుకు ఒక పక్కనా, రెండవ కొస ఛాసీకి రెండవ పక్కనా బిగించి ఉంటుంది. దీనికి పాన్‌హార్డ్ కడ్డీ అని పేరు. పాన్‌హార్డ్ అన్నది ఫ్రాన్సు దేశపు పాత మోటారు కంపెనీ పేరు.

ఇక ఊపును అణచే పని షాక్ అబ్జార్బరుది. అది నూనె నింపిన గొట్టం. లోపల చిల్లులు గల ముషలకం ఉంటుంది. ఆ సన్నని చిల్లులలో నుంచి నూనె దూరి పోవలసి రావటం వల్ల ఊపు తగ్గుతుంది. ఇంజెక్షను సిరంజిలో నీళ్ళు నింపి, నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి తోసి చూడండి. వేగంగా తోసినప్పుడే ఎక్కువ ఎదురు వస్తుంది. షాక్ అబ్జార్బరు గుణం కూడా అదే. అది లేకపోతే ఒక గుంట దాటిన బండి, ఊయలలాగా ఎంతోసేపు ఎగురుతూనే ఉంటుంది.

ముందు ఇరుసుకు రెండు కష్టాలు

వెనక ఇరుసు చక్రాలను తిప్పితే చాలు. నాలుగు చక్రాలతో లాగే బండిలో ముందు ఇరుసు రెండు పనులు చెయ్యాలి. చక్రాలను తిప్పాలి, అవి కుడికీ ఎడమకూ మలుపు తిరిగినప్పుడు కూడా తిప్పుతూనే ఉండాలి. మన చేతికి మణికట్టు ఉన్నట్లు, ఇరుసు లోపలి కడ్డీకి చక్రం దగ్గర ఒక కీలు ఉండాలి.

పాత లాండ్ రోవర్ల రెండవ, మూడవ తరాలలో ఇందుకు వాడిన కీలును హుక్ కీలు అంటారు. అవును, స్ప్రింగు సూత్రం చెప్పిన హుక్ గారి పేరే! అయితే ఈ కీలుకు ఒక లోపం ఉన్నది. అది వంగి ఉన్నప్పుడు, లోపలి కడ్డీ సమంగా తిరుగుతున్నా బయటి కడ్డీ సమంగా తిరగదు. 30 డిగ్రీలు వంగినప్పుడు, లోపలి వేగం 100 అయితే బయటి వేగం సుమారు 87కూ 115కూ మధ్య మారుతూ ఉంటుంది. ప్రతి చుట్టులోనూ రెండుసార్లు తగ్గి, రెండుసార్లు హెచ్చుతుంది. స్టీరింగు పట్టుకున్నవాడికి అది చేతిలో తెలుస్తుంది. రేంజ్ రోవర్‌లో ముందు చక్రాలు ఎప్పుడూ ఇంజను బలంతోనే తిరుగుతాయి కాబట్టి, వంగినా ఒకే వేగంతో తిప్పే గుండ్ల కీళ్ళను వాడారు. మంచి ముందు ఇరుసులో చూడవలసిన మొదటి లక్షణం ఈ కీలే.

రెండవది, లోపలి కడ్డీ లావు. మెలిపెట్టే బలానికి తట్టుకోవటంలో లావు చాలా ముఖ్యం. అదే ఉక్కుతో చేసిన 30 మిల్లీమీటర్ల కడ్డీకి బదులు 35 మిల్లీమీటర్ల కడ్డీ వేస్తే, బలం దాదాపు 1.6 రెట్లు అవుతుంది. పెరిగిన లావు 5 మిల్లీమీటర్లే!

ఎత్తు పెంచితే ఏమవుతుంది?

బండిని ఎత్తు చెయ్యాలని పొడుగు స్ప్రింగులు వేస్తారు. దానివల్ల పెట్టె లేస్తుందే గాని, ఇరుసు ఒక్క వెంట్రుకవాసి కూడా లేవదు. ఇరుసు లేవాలంటే చక్రమే పెద్దది కావాలి. 70 సెంటీమీటర్ల చక్రానికి బదులు 76 సెంటీమీటర్ల చక్రం వేస్తే, ఇరుసు లేచేది సగమే, 3 సెంటీమీటర్లు. కాని ఒక్కొక్క చుట్టుకు బండి నడిచే దూరం 220 నుంచి 239 సెంటీమీటర్లకు పెరుగుతుంది. మీటరు ముల్లు 60 చూపుతున్నప్పుడు బండి నిజంగా 65 కిలోమీటర్ల వేగంతో పోతుంది. పెద్ద చక్రాన్ని ఆపడానికి బ్రేకులకు శ్రమ ఎక్కువ. తిప్పడానికి ఇరుసుకు శ్రమ ఎక్కువ.

ఈ పాఠం అడవిలో నేర్చుకున్నవారున్నారు. 1971-72లో ఒక బ్రిటిష్ దండు రెండు రేంజ్ రోవర్లతో అలాస్కా నుంచి దక్షిణ అమెరికా కొసదాకా ప్రయాణం చేసింది. దారిలో పనామా, కొలంబియా దేశాల మధ్య డేరియన్ అనే దట్టమైన అడవి, బురదనేల ఉన్నది. బురద కోసమని వేసిన పెద్ద టైర్లూ, మోయించిన అధిక బరువూ కలిసి, ఇరుసుల నడుమ ఉండే డిఫరెన్షియల్ పళ్ళచక్రాలను విరగ్గొట్టినవి. టైర్లు మారినప్పుడు ఇరుసు కూడా అందుకు తగినదై ఉండాలని దీన్నిబట్టి తెలుస్తున్నది కదా!

సైకిల్ చెప్పే రహస్యం

మీ సైకిల్‌ను సీటు పట్టుకుని ముందుకు నడిపించండి. హాండిల్ తనంతట తాను తిన్నగా ఉంటుంది. వెనక్కు తొయ్యండి, హాండిల్ గిరుక్కున తిరిగిపోతుంది. ముందు ఫోర్కు కొంచెం వాలుగా ఉండి, ఆ వాలు గీతను నేలదాకా పొడిగిస్తే అది టైరు ఆనే చోటుకు ముందుగా నేలను తాకుతుంది. చక్రం ఆ గీత వెంట తోకలాగా వస్తుంది కనుక తిన్నగా నిలుస్తుంది.

మోటారు బండి ముందు చక్రాలకు కూడా ఇటువంటి వాలు రెండు మూడు డిగ్రీలు ఉంటుంది. మలుపు తిరిగినాక స్టీరింగు తనంతట తాను తిన్నబడటం ఇందువల్లనే. ఇప్పుడు చూడండి. ఇరుసును పట్టుకున్న ఉక్కు చెయ్యి 90 సెంటీమీటర్ల పొడుగు ఉన్నదనుకుందాం. బండిని 5 సెంటీమీటర్లు లేపితే ఆ చేతి వెనక కొస కూడా అంత లేస్తుంది. దానితో ఇరుసు 3 డిగ్రీల పైచిలుకు ముందుకు తిరుగుతుంది. అనగా ఉన్న వాలు అంతా పోయింది! బండి చూడటానికి ఠీవిగానే ఉంటుంది. కాని వేగంగా పోయేటప్పుడు తాగినవాడిలాగా అటూ ఇటూ తూలుతుంది. వాలును సరిచేసే చేతులో, బుష్షులో కూడా మార్చనిదే ఆ పని పూర్తయినట్లు కాదు.

అడ్డకడ్డీ సంగతీ ఇంతే. బండి లేస్తే అది ఏటవాలు అవుతుంది. ఇరుసును ఒక పక్కకు లాగుతుంది. స్టీరింగు కడ్డీ, అడ్డకడ్డీ ఒకే వాలులో ఉండాలి. లేకపోతే గతుకు వచ్చినప్పుడల్లా చక్రం తనంతట తాను మళ్ళుతుంది. బ్రేకు గొట్టాలు పాతవే ఉంటే, చక్రం కిందికి దిగినప్పుడు అవి బిగుసుకుని తెగవచ్చు. బ్రేకు గొట్టం తెగితే ప్రాణానికే ముప్పు.

కాగితం మీద బండి

ఇది మీరే గీసి చూడండి. 13 సెంటీమీటర్ల అడ్డగీత గీయండి. అది రెండు టైర్ల మధ్య దూరం. 130 సెంటీమీటర్లకు గుర్తు. దాని నడిమధ్యన 6.5 సెంటీమీటర్ల ఎత్తున ఒక చుక్క పెట్టండి. అది బండి గరిమనాభి. చుక్క నుంచి ఒక టైరుకు గీత గీసి, నిలువు గీతతో అది చేసే కోణాన్ని కోణమానినితో కొలవండి. 45 డిగ్రీలు వస్తుంది. కదలకుండా ఉన్న బండి పక్కకు అంత ఒరిగేదాకా బోల్తా పడదన్నమాట. ఇప్పుడు చుక్కను 7.5 సెంటీమీటర్ల ఎత్తున పెట్టి చూడండి. కోణం 41కి పడిపోతుంది. ఇరుసును వెడల్పు చేసి అడ్డగీతను 14 సెంటీమీటర్లు చేస్తే, మళ్ళీ 43కు వస్తుంది. వెడల్పు ఇరుసు వల్ల లాభం ఇదీ. నిజమైన బండిలో స్ప్రింగులు ఒక పక్కకు అణగుతాయి. మలుపులో వేగం కూడా తోస్తుంది. కనుక బోల్తా పడటం ఇంకా ముందే జరగవచ్చు.

పెద్దలకు రెండు మాటలు

మన మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. అందులో 52వ సెక్షను ప్రకారం, తయారుచేసినవారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్లు మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతిని స్పష్టం చేసింది. కనుక ఇరుసు మీద చెయ్యి వేసే ముందు రవాణా అధికారులను అడిగి తెలుసుకోవాలి. ఆ బండిలో ఎక్కేది మన పిల్లలే. ఎదురుగా వచ్చేది ఇంకొకరి పిల్లలు.

పిల్లలూ, మీకూ ఒక మాట. బండి కింద పని జరుగుతున్నప్పుడు దూరంగా నిలబడి చూడండి. మనం లెక్క వేసిన స్ప్రింగు 8 సెంటీమీటర్లు అణగి ఉన్నప్పుడు, అందులో దాగి ఉన్న శక్తి 16 కిలోల బియ్యపు మూట ఒక మీటరు ఎత్తునుంచి పడినప్పటి శక్తికి సమానం. అది జారి ఎగిరితే ఆపేవాడు లేడు. జాకీ ఒక్కదాని మీదనే నిలిపిన బండి కింద ఎవ్వరూ దూరరాదు.

చివరికి మీకు ఒక లెక్క. ఒక స్ప్రింగు సెంటీమీటరు అణగడానికి 40 కిలోలు కావాలి. దానిమీద 360 కిలోల బరువున్నది. ఇంకా 60 కిలోలు పెంచితే మొత్తం ఎంత అణగుతుంది? హుక్ గారి సూత్రంతో చేసి, జవాబును ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించండి. బండి ఎత్తు పెంచాలని ఉబలాటపడే అన్నయ్యకు మాత్రం ముందు ఆ కాగితం మీది బండిని చూపించండి!